బ్లాక్ కట్టర్ గన్‌మెటల్ నట్టు నాలుగు నెలలకే ఎందుకు పోతోంది? మోటారు నట్లు ఎందుకు వదులవుతున్నాయి?

అడిగిన ప్రశ్న ఇది: "చీమకుర్తి దగ్గర మాకు చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్ ఉంది. బ్లాక్ కట్టర్ బ్రిడ్జి (బ్లేడును మోసే అడ్డదూలం) నాలుగు స్క్రూల మీద ఎక్కిదిగుతుంది. స్క్రూ 40 మి.మీ., పిచ్ (ఒక మర నుంచి పక్క మరకి దూరం) 7 మి.మీ. గన్‌మెటల్ (కంచు జాతి లోహం) నట్లు కొత్తవి వేయించిన నాలుగు నెలలకే లొడలొడమంటున్నాయి. మెయిన్ మోటారు బేస్‌కి ఉన్న 16 ఎం.ఎం. బోల్టుల నట్లు స్ప్రింగ్ వాషర్ వేసినా, డబుల్ నట్టు వేసినా రెండ్రోజులకోసారి బిగించాల్సి వస్తోంది. మేస్త్రీ 'వెల్డింగ్ కొట్టేద్దాం' అంటున్నాడు. తెలిసినాయన ఒకాయన 'ఈ నట్ల గోలంతా ఎందుకు, బాల్ స్క్రూలు వేయించండి' అంటున్నాడు. ఏం చేయమంటారు అన్నా?"

తమ్ముడూ, ముందు ఆ వెల్డింగ్ హోల్డర్ పక్కన పెట్టించండి. తల మీద 8.8 అని గుర్తున్న బోల్టు వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు. దాని మీద వెల్డింగ్ పడితే ఆ చోట ఆ గట్టిదనం పోతుంది, పక్కనే పెళుసుబారుతుంది. రేపు మోటారు దించాలంటే గ్యాస్ కట్టరే గతి. అసలు జబ్బు నట్టు తిరగడం కాదు, బోల్టులో బిగువు పోవడం. వెల్డింగ్ కొట్టిన నట్టు తిరగదు, నిజమే. బిగువు మాత్రం పోతూనే ఉంటుంది. బేస్ కింద మోటారు అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకి నట్టు అలాగే ఉండి బోల్టు తెగుతుంది.

మీరు ఒకే ప్రశ్నలో అడిగారు గానీ రెండు జబ్బులకీ మందు ఒకటి కాదు. మోటారు దగ్గర నట్టు కదలకూడదు, అక్కడ రాపిడి మనవైపు పనిచేస్తుంది. బ్రిడ్జి స్క్రూ మీద నట్టు రోజూ కదలాలి, అక్కడ రాపిడే దాన్ని తినేస్తుంది. మర ఆకారం కూడా అందుకే వేరు. మామూలు బోల్టు మర 60 డిగ్రీల వి ఆకారం. ఏటవాలు ఎక్కువ కాబట్టి మర పక్కల మీద ఒత్తిడి పెరిగి రాపిడి 15 శాతం దాకా ఎక్కువ పుడుతుంది. మీ స్క్రూది 30 డిగ్రీల ట్రెపిజాయిడల్ మర (కొస చదునుగా, మొదలు వెడల్పుగా ఉండే పళ్లు), అక్కడ ఆ అదనపు రాపిడి 3, 4 శాతమే. బరువు మోయడానికి, కదలడానికి చేసిన మర అది.

మోటారు సంగతి ముందు చూద్దాం, అది త్వరగా తేలిపోతుంది.

నట్టు బిగిస్తే బోల్టు సాగుతుంది. సాగిన బోల్టు వెనక్కి లాగుతుంది కాబట్టి బేస్, ఫ్రేమ్ రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. మోటారును పట్టి ఉంచేది ఆ అతుకుడే. 8.8 రకం ఎం16 (అంటే మీ 16 ఎం.ఎం.) బోల్టును సరిగ్గా బిగిస్తే అది దాదాపు 7 టన్నుల బలంతో రెండు ప్లేట్లనీ నొక్కుతుంది. దానికి ఆయిల్ లేని పొడి మర మీద 200 నుంచి 220 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. 24 నంబరు పానా అడుగు పొడవుంటుంది. దాని చివర మనిషి తన బరువంతా వేస్తే గానీ అంత రాదు. ఒంటి చేత్తో "టైటయింది" అనిపించేదాకా లాగితే అందులో సగం కూడా వచ్చి ఉండదు. మనం పెట్టే బలంలో పదో వంతే బోల్టును సాగదీయడానికి పోతుంది, మిగతాదంతా నట్టు అడుగున, మరల మధ్య రాపిడికే ఖర్చు. అందుకే తుప్పు పట్టిన మర మీద పానా గట్టిగా తగిలినా లోపల బోల్టు సాగి ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. మీ మోటారు కాలు, ఫ్రేమ్ ప్లేటు కలిపి మందం 40 మి.మీ. అనుకుందాం. ఆ 7 టన్నుల బిగువులో బోల్టు సాగేది 0.09 మి.మీ. మాత్రమే. అంటే పేపర్ మందమంత. బేస్ కింద పెయింటు ఉందా? రేకు ముక్కలు ప్యాకింగ్ పెట్టారా? తుప్పు పొర ఉందా? మోటారు అదురుకి అవన్నీ నలిగి 0.05 మి.మీ. అణిగినా మీ బిగువులో సగానికి పైగా ఎగిరిపోయినట్టే. నట్టు ఒక్క డిగ్రీ కూడా తిరగకుండానే ఇది జరుగుతుంది. ఆ తర్వాతే అది తిరగడం మొదలవుతుంది.

అదే బోల్టు 120 మి.మీ. పొడవున పట్టి ఉంటే 0.27 మి.మీ. సాగుతుంది. అప్పుడు అదే 0.05 పోయినా అయిదో వంతు కూడా తగ్గదు. కాబట్టి పొట్టి బోల్టు తీసేయండి. మందపాటి పైపు ముక్క, 17 లేదా 18 మి.మీ. బోరు, గోడ మందం 6, 7 మి.మీ. ఉండేది, రెండు మొహాలూ లేత్ మీద ఫేసింగ్ చేయించి నట్టు కింద స్లీవ్ లాగా వేయండి, పొడవు బోల్టు వాడండి. ఖర్చు మేస్త్రీ ఒక పూట కూలీ అంత ఉండదు. పెద్ద కంప్రెసర్ల మీద, ఇంజను హెడ్ల మీద బోల్టులు సన్నగా పొడుగ్గా కనబడేది ఈ కారణానికే.

స్ప్రింగ్ వాషర్ మీద చాలామందికి నమ్మకం, నాకు లేదు. టన్నుల్లో బిగించే చోట అది ఎప్పుడో చదునైపోతుంది. చదునయ్యాక మామూలు వాషరే, పైగా కింద మెత్తటి ప్లేటులోకి కొరుక్కుని ఇంకొంచెం అణుగుతుంది. దాన్ని తీసేసి గట్టి మందపాటి ప్లెయిన్ వాషర్ వేయండి. మోటారు కాలుకు పొడుగు స్లాట్ ఉంటుంది కదా, దాని మీద పలుచటి వాషర్ గిన్నెలాగా వంగిపోతుంది. అక్కడ 6 మి.మీ. పట్టీ ముక్కకు రంధ్రం వేసి వాడండి.

డబుల్ నట్టు పనిచేస్తుంది, వేయాల్సిన వరసలో వేస్తే. సన్న నట్టు కిందికి రావాలి, పూర్తి మందం నట్టు పైకి. మన దగ్గర నూటికి తొంభై మంది తలకిందులుగా వేస్తారు, పెద్దది బిగించి మీద సన్నది "లాక్" అంటారు. సరైన పద్ధతిలో సన్న నట్టును తక్కువ బలంతో బిగించి, దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని, పైన పెద్ద నట్టును పూర్తి టార్క్‌కి బిగించాలి. అప్పుడు బరువు పెద్ద నట్టు మీదికి మారుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. రెండు పానాలు లేకుండా డబుల్ నట్టు వేయడం దండగ.

నట్టు తిరిగి ఊడిపోవడానికి అసలు కారణం పక్కకి జరగడం. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి చూపించాడు: బోల్టు పొడవు వెంట వచ్చే అదురు కన్నా అడ్డంగా వచ్చే జరుగుడే నట్టును వేగంగా ఊడదీస్తుందని. ప్లేటు అడ్డంగా జారిన ప్రతిసారీ మరల మధ్య పట్టు ఒక క్షణం సడలుతుంది, నట్టు కాస్త వెనక్కి తిరుగుతుంది. మీ మోటారును వి బెల్టులు ఒకే వైపు లాగుతుంటాయి, బ్లేడు రాయిలోకి దిగిన ప్రతిసారీ ఆ లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి జరుగుడు ఆపకుండా ఎన్ని నట్లు వేసినా లాభం లేదు. బెల్టు టెన్షన్ కోసం మోటారు వెనక నెట్టే బోల్టులు ఉంటాయి. చాలా యూనిట్లలో బెల్టు సెట్ చేశాక వాటిని వదిలేస్తారు, కొన్నిచోట్ల తీసే పడేస్తారు. అవి రెండు వైపులా మోటారు కాళ్లను ఆనుకుని బిగించి ఉండాలి. నాలుగు కాళ్ల నట్ల కన్నా ఆ నెట్టుడు బోల్టులే మీకు ఎక్కువ పని చేసిపెడతాయి.

కాళ్ల అడుగున, ఫ్రేమ్ మీద పెయింటు, తుప్పు గీకించి లోహం మీద లోహం ఆనేట్టు చేయండి. ప్యాకింగ్ తప్పదంటే పది రేకులు కాదు, ఒకే మందపాటి ముక్క పెట్టండి. బిగించాక ఒక రోజు నడిపి, ఆపి, ఇంకోసారి టార్క్ చూడండి. అణగాల్సింది మొదటి రోజే చాలావరకు అణిగిపోతుంది. ఆ తర్వాత నట్టు మీంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తేనే పానా తీయాలి. రోజూ పానా పట్టుకుని ప్రతి నట్టునీ "ఒక పట్టు" లాగే అలవాటు వల్ల తెగిన బోల్టులు కూడా చాలానే ఉంటాయి.

మర మీద పూసే గమ్ము, లాక్‌టైట్ లాంటిది, వాడొచ్చు. గాలి తగలని చోట, లోహం ఆనుకున్న చోట గట్టిపడే రకం అది. నూనె మరకుంటే పట్టదు, కాబట్టి పెట్రోల్‌తోనో థిన్నర్‌తోనో తుడవాలి. నీలం రంగుది పానాతో ఊడుతుంది. ఎర్రది ఊడాలంటే మంట పెట్టాల్సిందే, మోటారు కాళ్లకు అది వద్దు. నైలాన్ రింగ్ నట్టు కూడా మంచిదే, 120 డిగ్రీల లోపు వేడి ఉన్న చోట. ఒకసారి తీసిన నైలాన్ నట్టును మళ్లీ మళ్లీ వాడకండి, చేత్తో తిప్పితే తిరిగిపోతోందంటే దాని పని అయిపోయినట్టే.

ఇంకొక్కటి. బోల్టు మీద 8.8 చూసి తెచ్చుకుంటారు గానీ నట్టు మీద ఎవరూ చూడరు. నట్టు మొహం మీద 8 అని ఉండాలి. 10.9 బోల్టుకి 10 నట్టు. కిలోల లెక్కన తెచ్చే గుర్తు లేని నట్టు మెత్తటి ఇనుము. సరైన నట్టు మందం వ్యాసంలో 0.8 వంతు దాకా ఉండేది ఎందుకంటే, ఎక్కువ బిగిస్తే ముందు బోల్టు తెగాలి, మరలు ఊడకూడదు. తెగిన బోల్టు కంటికి కనబడుతుంది. లోపల సగం ఊడిన మరలు కనబడవు. మొత్తం బరువులో మూడో వంతు దాకా నట్టులో మొదటి చుట్టే మోస్తుంది కాబట్టి పొడవాటి నట్టు వేసినంత మాత్రాన బలం ఆ లెక్కన పెరగదు. పాత మెషీన్లలో అంగుళాల మర కూడా ఉంటుంది, జాగ్రత్త. అరంగుళం విట్‌వర్త్ నట్టు 12 ఎం.ఎం. బోల్టు మీద లొడలొడగా ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. 12 ఎం.ఎం. బోల్టు పిచ్ 1.75 మి.మీ., విట్‌వర్త్ నట్టుది 2.1 దాటుతుంది. అలా ఎక్కిందాన్ని పానాతో బలవంతంగా బిగించి "సరిపోయింది" అనుకునే పిల్లలు ప్రతి షెడ్డులోనూ ఒకరుంటారు.

నెల్లూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లకి దీనికి పూర్తిగా ఎదురు సమస్య. ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) మీద స్టెయిన్‌లెస్ నట్టు ఊడదు. సగం దాకా వచ్చి పట్టేస్తుంది, ఇంకా తిప్పితే బోల్టు మెలిపడి తెగుతుంది. అది తుప్పు కాదు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ ఒత్తిడితో రుద్దుకుంటే పైపొర చిరిగి రెండూ ఒకదానిలోకి ఒకటి అతుక్కుపోతాయి. బిగించేటప్పుడే మరకు యాంటీ సీజ్ పేస్టు పూసి, గన్ కాకుండా చేతి పానాతో నెమ్మదిగా బిగించుకోండి. ఉప్పు నీళ్లలో 304 కన్నా 316 రకం నిలబడుతుంది.

ఇక మీ బ్రిడ్జి నట్లు.

ముందు ఒక పని చేయండి. తీసేసిన పాత నట్టును పారేయకుండా హ్యాక్‌సా పెట్టి నిలువునా రెండు చెక్కలుగా కోయించండి. లోపల మరలు చూడండి. కొత్తగా ఉన్నప్పుడు పంటి మందం మధ్యలో 3.5 మి.మీ. ఉంటుంది. మీది కత్తి అంచులాగా పదునెక్కి ఉంటుంది, అదీ ఒక వైపే, బరువు ఆనే వైపు. వేలితో రుద్దితే బూడిద రంగు పేస్టు అంటుకుంటుంది. ఆ పేస్టు గుడ్డతో తుడిచి, గన్‌మెటల్ మీద భూతద్దం పెట్టి చూస్తే సన్న నల్ల చుక్కలు గుచ్చుకుని కనిపిస్తాయి. అదీ మీ దొంగ.

బరువు వల్ల అరిగిందేమోనని అనుమానం రావచ్చు, లెక్క వేద్దాం. బ్రిడ్జి మొత్తం 4 టన్నులనుకుంటే ఒక్కో స్క్రూకి టన్ను. మీ నట్టు పొడవు 80 మి.మీ. ఉంటే లోపల 11 చుట్లు. ఒక్కో చుట్టు ఆనే జాగా 400 చదరపు మి.మీ., మొత్తం 4,400. టన్ను బరువుకి చదరపు మి.మీ. మీద పడేది పావు కిలో లోపే. నెమ్మదిగా తిరిగే ఉక్కు స్క్రూ మీద కంచు జాతి నట్టు కిలోకి పైగా మోస్తుంది. నాలుగులో రెండు నట్లే మోసినా ఢోకా లేదు. బరువు వల్ల అరిగేది అయితే ఏళ్లు పట్టాలి. నెలల్లో పోయిందంటే రాతి పొడే.

మీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిలో ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ జాతి ఖనిజాలు. ఆ మెరుపు చుక్కలు కూడా బ్రాంజైట్ అనే పైరాక్సీనే. గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలులో ఇవి 5, 6 మధ్య ఉంటాయి. గన్‌మెటల్ 3 దగ్గర, మామూలు ఉక్కు 4, 5 మధ్య. అంటే ఆ పొడి మీ నట్టు కన్నా, స్క్రూ కన్నా గట్టిది. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. గట్టి రేణువు రెండు లోహాల మధ్య పడితే మెత్తటి లోహంలో గుచ్చుకుని అక్కడే ఇల్లు కట్టుకుంటుంది. ఆ తర్వాత అది అరగదీసేది ఎదురుగా ఉన్న గట్టి లోహాన్ని. లేత్ మీద బోరు నునుపు చేయడానికి మెత్తటి ల్యాప్‌కి (రుద్దే లోహపు కడ్డీ) ఎమెరీ పేస్టు పూసి తిప్పేది ఈ సూత్రం మీదే. "గన్‌మెటల్ మెత్తన కదా, అరిగితే నట్టే అరుగుతుంది, స్క్రూ భద్రం" అనే లెక్క శుభ్రమైన చోట నిజం. స్లర్రీ (రాతి పొడి కలిసిన నీళ్లు) పడే చోట మీ నట్టు స్క్రూని సానబడుతోంది.

అందుకే కొత్త నట్టు ఆర్డరు ఇచ్చే ముందు స్క్రూ చూడండి. లేత్ మేస్త్రీతో రెండు మూడు చుట్లే ఉండే చిన్న నట్టు ఒకటి చేయించండి, స్క్రూ పై కొసలో బిగుతుగా తిరిగేలాగా. దాన్ని స్క్రూ పొడవునా కిందికి తిప్పుకుంటూ పోండి. బ్రిడ్జి ఎప్పుడూ తిరిగే మధ్య భాగంలోకి రాగానే అది లొడలొడలాడిందంటే స్క్రూ కూడా అరిగినట్టు. అప్పుడు నట్లు మాత్రమే మార్చడం డబ్బు దండగ. పై కొసకి సరిపోయేలా చేసిన నట్టు మధ్యలో మొదటి రోజు నుంచే లూజు, మధ్యకి సరిపోయేలా చేస్తే పైకి ఎక్కదు. స్క్రూలని తలకిందులు చేసి వాడొచ్చా అని అడుగుతారు. రెండు చివర్లూ ఒకేలా తిప్పి ఉంటే వాడొచ్చు, బరువు రెండో పక్క మీదికి మారుతుంది. బేరింగ్ సీటు ఒక వైపే ఉంటే కుదరదు.

పొడి లోపలికి పోకుండా ఆపడమే మీ అసలు మందు, మిగతావన్నీ దాని తర్వాతే. బ్రిడ్జి కింద, పైన రెండు వైపులా స్క్రూకి ముడతల బెల్లో కవర్ వేయించండి. రెక్సిన్‌తో కుట్టినది అయినా పర్లేదు, చినిగినప్పుడు మారిస్తే చాలు. నట్టు రెండు మొహాల మీద ఫెల్ట్ లేదా నైలాన్ వైపర్ రింగు, మరలో కూర్చునేలా పెట్టించండి. గ్రీజు స్క్రూ మీద చేత్తో పూయడం ఇవాళే మానేయండి. బయట పూసిన గ్రీజు పొడిని పట్టుకుని నట్టులోకి మోసుకుపోతుంది, గ్రీజు ఎంత ఎక్కువ పూస్తే సాన అంత జోరుగా సాగుతుంది. నట్టు నడుముకి రంధ్రం వేయించి, లోపల చుట్టూ గాడి తీయించి, గ్రీజు నిపుల్ బిగించండి. గన్‌తో నడుములోంచి ఎక్కిస్తే కొత్త గ్రీజు మురికిని రెండు కొసల నుంచి బయటికి తోస్తుంది. నల్లగా వచ్చేది పోయి గ్రీజు రంగు కనిపించేదాకా కొట్టి, బయటికొచ్చింది తుడిచేయండి. రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు స్ట్రోకులు చాలు. నీళ్లు తగిలే చోటు కాబట్టి కాల్షియం రకం గ్రీజు అడగండి, నీటికి కొట్టుకుపోదు.

లోహం సంగతి కూడా ఒక మాట. అసలు గన్‌మెటల్ అంటే 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 జింకు. సీసం కలిపిన రకం 85, 5, 5, 5 కూడా మీ పనికి సరిపోతుంది. పాత కుళాయిలు, ఇత్తడి చెత్త కరిగించి పోసి గన్‌మెటల్ పేరుతో అమ్మేవాళ్లున్నారు. తిప్పినప్పుడు పొట్టు పసుపు పచ్చగా ఉంటే ఇత్తడే. గన్‌మెటల్ ఎర్రగా, రాగి ఛాయలో ఉంటుంది. లోపల గాలి బుడగల గుంటలుంటే వెనక్కి పంపేయండి. నైలాన్ నట్లు వేయమని ఎవరైనా చెబితే మీ దగ్గర మాత్రం వద్దు. నైలాన్ నీరు పీల్చి ఉబ్బుతుంది, మరలు పట్టేస్తాయి, పొడి కూడా అందులో ఇంకా సులువుగా గుచ్చుకుంటుంది.

నట్టును బ్రిడ్జికి ఎలా బిగించారో చూసుకోండి. ఫ్లాంజి రంధ్రాలు సరిగ్గా బోల్టు సైజువే ఉండి కదలకుండా బిగిస్తే, స్క్రూ ఒక వెంట్రుక వాసి వంకరున్నా నట్టు ఒక పక్కనే ఒరుసుకుంటుంది. రంధ్రాలు ఒకటి ఒకటిన్నర మి.మీ. పెద్దవి చేసి, నట్టు తిరగకుండా ఒక పిన్ను పెట్టి, తనంతట తాను సర్దుకునేలా వదలాలి. స్క్రూ పై కొసన థ్రస్ట్ బేరింగ్ (నిలువు బరువు మోసే బేరింగ్) మీద వేలాడాలి, కింద ఊరికే ఊగకుండా బుష్ ఉంటే చాలు. బరువు కింద ఆనితే పొడుగు స్క్రూ విల్లులాగా వంగుతుంది.

నాలుగు నట్లూ ఒకేసారి మార్చండి. ఒకటే మారిస్తే ఆ మూల ఎత్తుగా నిలబడి బరువంతా దాని మీదే పడుతుంది. నాలుగు స్క్రూలకీ చైన్ ఒకటే ఉంటే, లెవెల్ చూసి చైన్ తీసి ఒక్కో స్క్రూని విడిగా తిప్పుకోవచ్చు. పిచ్ 7 కాబట్టి 20 పళ్ల స్ప్రాకెట్ అయితే ఒక పన్ను జరిపితే మూల 0.35 మి.మీ. ఎక్కుతుంది లేదా దిగుతుంది. అంతకన్నా దగ్గరగా లెవెల్ కావాలంటే నట్టు ఫ్లాంజి కింద షిమ్ము (పలుచటి రేకు) పెట్టుకోవాలి. నట్టు విప్పే ముందు బ్రిడ్జి కింద రెండు వైపులా గట్టి ఇనప స్టూళ్లు పెట్టాలి, జాకీ మీద నమ్మకంతో ఎవరూ కింద దూరకూడదు.

అరుగుదల ఎంతైతే మార్చాలో కూడా రాసుకోండి. బ్రిడ్జి మూల కింద జాకీ పెట్టి, డయల్ గేజ్ (సన్న కదలికను ముల్లుతో చూపేది) ఆనించి, మెల్లగా లేపండి. నట్టు పై పక్కకి తగిలేదాకా ఎంత లేచిందో అదే ఆట, అంటే లూజు. కొత్త నట్టులో 0.2 మి.మీ. దగ్గర ఉంటుంది. దాని మీద ఇంకో 0.8, 0.9 పెరిగిందంటే పంటి మందంలో పావు వంతు పోయినట్టు, అక్కడ మార్చేయండి. నెలకోసారి నాలుగు మూలలా కొలిచి గోడ మీద రాయించండి. ఏ మూల వేగంగా పెరుగుతోందో తెలిస్తే ఏ బెల్లో చినిగిందో కూడా తెలుస్తుంది.

మీరు అడగలేదు గానీ నేను వదలను: ప్రతి నట్టు కిందా సేఫ్టీ నట్టు పెట్టించండి. స్క్రూల మీద లేచే కార్ల లిఫ్టుల్లో ఉంటుంది అది. మెయిన్ నట్టుతో పాటే కదులుతూ, రెండింటి మధ్య కొన్ని మి.మీ. సందు ఉంచి, బరువేమీ మోయకుండా ఉంటుంది. బరువు లేదు కాబట్టి అది పెద్దగా అరగదు. మెయిన్ నట్టు అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) పెట్టి చూస్తే అరుగుదల అంతే తెలుస్తుంది. మెయిన్ నట్టు మరలు ఒక్కసారిగా ఊడినా బ్రిడ్జి దాని మీద ఆగుతుంది. కింద బ్లాకు సర్దే కుర్రాళ్లు ఉంటారు. దీనికి ఖర్చు చూడొద్దు.

చివరికి బాల్ స్క్రూ. మీ స్క్రూ మర వాలు మూడున్నర డిగ్రీలు. దాన్ని దానంతట తిప్పడానికి బరువుకి చాలదు, రాపిడే ఆపేస్తుంది. కరెంటు పోయినా బ్రిడ్జి ఎక్కడున్నది అక్కడే నిలబడేది అందుకే. పెన్నా కాలువల తూముల మీద షట్టరు ఎత్తే స్క్రూలు చూసుంటారు, అక్కడ నట్టు తిరుగుతుంది, స్క్రూ పైకి లేస్తుంది, చక్రం వదిలేసినా షట్టరు జారదు. అదే కారణం. దీనికి మనం కట్టే మూల్యం, మోటారు శక్తిలో మూడో వంతే బరువు ఎత్తడానికి పోవడం. బాల్ స్క్రూలో నట్టు లోపల గోళీలు దొర్లుతుంటాయి కాబట్టి 90 శాతం దాకా పనికొస్తుంది. అయితే అదే సులువుతో బరువు వెనక్కి కూడా తిప్పేస్తుంది. బ్రేకు లేకుండా నిలువు బాల్ స్క్రూ వేస్తే మోటారు ఆగగానే నాలుగు టన్నులూ కిందికే. పైగా గోళీ దారిలో ఒక్క రాతి రేణువు పడితే గుంటలు పడతాయి, తర్వాత మొత్తం మార్చుకోవాల్సిందే. ఒంగోలులో చెక్క మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రూటర్లు నడిపేవాళ్లకి, మూసిన కవర్ల మధ్య, అది బ్రహ్మాండం. స్లర్రీ షెడ్డులో వద్దు. వాళ్లలో ఎవరైనా చదువుతుంటే ఒకటి గుర్తుంచుకోండి, బాల్ నట్టును స్క్రూ కొస నుంచి ఊరికే తిప్పి తీసేస్తే గోళీలన్నీ నేల మీద ఉంటాయి. స్క్రూ మర అడుగు వ్యాసం కన్నా కాస్త సన్నని గొట్టం కొసకి ఆనించి, నట్టును దాని మీదికి జరుపుకోవాలి.

కోసిన నట్టు ఫోటో, మోటారు బేస్ ఫోటో రెండూ పెట్టండి. బెల్టులు ఏ వైపు లాగుతున్నాయో, నట్టు పొడవు ఎంతో కూడా రాయండి. నెట్టుడు బోల్టులు ఎక్కడ రావాలో గీసి చూపిస్తాను.